స్టెంటా, బైపాసా? క్లిష్టమైన గుండె జబ్బులో నిర్ణయం తీసుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుండె పరీక్షలకు విశాఖపట్నం వెళ్ళే కుటుంబాలలో చాలామందికి ఈ ప్రశ్న యాంజియోగ్రామ్ గది బయట, ఎవరూ సిద్ధంగా లేని సమయంలో ఎదురవుతుంది. లోపలి నుంచి ఒకరు వచ్చి, మూడు రక్తనాళాలలోనూ బ్లాకులు ఉన్నాయని, కావాలంటే ఇప్పుడే స్టెంట్లు వేస్తామని, లేకపోతే బైపాస్‌కు రాయాలని చెబుతారు. రోగి ఇంకా బల్ల మీదే ఉంటాడు. బయట నిలబడిన కొడుకో అల్లుడో ఊళ్ళోని ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి, కొద్ది నిమిషాలలో సంతకం పెడతాడు. పదేళ్ళ, ఇరవై ఏళ్ళ జీవితాన్ని మార్చే నిర్ణయం అలా జరగకూడదు. గుండెపోటు నడుస్తున్న సమయం తప్పిస్తే, మూడు నాళాల జబ్బు ఉన్న మనిషిని యాంజియోగ్రామ్ పూర్తికాగానే బల్ల మీద నుంచి దించి, సీడీ తీసుకుని, హృద్రోగ నిపుణుడూ గుండె సర్జనూ ఇద్దరూ చూశాక ఏ చికిత్స అనేది తేల్చుకోవడానికి సాధారణంగా వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని ఎలా వాడుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మినహాయింపును ముందే చెప్పాలి. ఛాతీ మధ్యలో బరువుగా నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఈసీజీలో పెద్ద గుండెపోటు అని తేలితే అప్పుడు చర్చలకు చోటు లేదు. మూసుకుపోయిన నాళాన్ని స్టెంటుతో వెంటనే తెరవాలి. స్టెంటు వేసే సదుపాయం ఉన్న గది, అంటే క్యాథ్‌ల్యాబ్ దూరమైతే, దగ్గరలోని ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ తీసుకుని, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. ఇచ్ఛాపురం నుంచో, సీతంపేట ఏజెన్సీ నుంచో నేరుగా విశాఖకే వెళ్తామని దారిలో గంటలు పోగొట్టుకోవడం గుండె కండరాన్ని పోగొట్టుకోవడమే. అయితే గుండెపోటుకు కారణమైన ఆ ఒక్క నాళాన్ని తెరిచాక, మిగిలిన నాళాలలో ఉన్న బ్లాకుల సంగతి వేరే ప్రశ్న. దానికి ఈ వ్యాసంలోని విషయమంతా వర్తిస్తుంది. మరొక జాగ్రత్త కూడా ఉంది. ఎడమవైపు రెండు ప్రధాన నాళాలకూ మూలమైన లెఫ్ట్ మెయిన్ నాళం బాగా సన్నబడి, కూర్చున్నా నొప్పి వస్తున్నవారు ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటామనకూడదు. ఆసుపత్రిలో ఉంటూనే రెండో అభిప్రాయం తీసుకోవాలి.

ఏ జబ్బును క్లిష్టమైనది అంటారు

గుండెకు రక్తం అందించే ప్రధాన నాళాలు ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. ఎడమవైపు రెండూ విడిపోకముందు ఉండే చిన్న కాండమే లెఫ్ట్ మెయిన్. దాని నుంచి గుండె ముందు భాగానికి దిగే ఎల్‌ఏడీ అన్నిటికన్నా ఎక్కువ కండరాన్ని పోషిస్తుంది. ఒక నాళంలో ఒక చిన్న బ్లాకు ఉంటే స్టెంటా బైపాసా అన్న వివాదం దాదాపు ఉండదు. లెఫ్ట్ మెయిన్‌లో బ్లాకు, మూడు నాళాలలోనూ జబ్బు, నాళాలు చీలే చోట అడ్డంకి, సున్నం పేరుకుని రాయిలా గట్టిపడిన గోడలు, నెలల తరబడి పూర్తిగా మూసుకుపోయిన నాళం ఉన్నప్పుడు, వీటికి తోడు షుగరో, కిడ్నీ జబ్బో, బలహీనపడిన పంపింగో ఉన్నప్పుడు జబ్బు క్లిష్టమైనదవుతుంది.

యాంజియోగ్రామ్ చూసి ఈ క్లిష్టతకు అంకె వేసే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని సింటాక్స్ స్కోరు అంటారు. 22 వరకు తక్కువ, 23 నుంచి 32 వరకు మధ్యస్థం, 33 నుంచి పైన ఎక్కువ. బ్లాకులు ఎన్ని అన్నదానికన్నా అవి ఎక్కడ, ఎంత పొడవున, ఎలా ఉన్నాయన్నదాన్ని ఈ అంకె పట్టి చూపుతుంది. ‘మూడు బ్లాకులు’ అన్న మాట ఒక్కటే పట్టుకుని పక్కింటివారి అనుభవంతో పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు. పక్కింటాయన స్కోరు 15 కావచ్చు, మీ నాన్నగారిది 38 కావచ్చు. కాబట్టి డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న ‘సింటాక్స్ స్కోరు ఎంత వచ్చింది?’ అని. ఆ అంకెను కేసు షీటులో రాయించుకోండి.

రెండు చికిత్సలూ చేసే పని ఒకటి కాదు

స్టెంటు ఉన్న నాళాన్నే లోపలి నుంచి తెరుస్తుంది. మణికట్టు లేదా తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి, బెలూనుతో అడ్డంకిని నొక్కి, మందు పూసిన లోహపు జాలీని అక్కడ నిలుపుతారు. బైపాస్‌లో అడ్డంకిని ముట్టుకోరు. ఛాతీ గోడ లోపలివైపు ఉండే ధమనిని, కాలి నుంచి తీసిన సిరలను, కొన్నిసార్లు చేతి ధమనిని తెచ్చి, బ్లాకులు దాటాక దిగువన కలుపుతారు. వంశధార కాలువలో పూడిక పడిన ఒక్క చోట తవ్వి శుభ్రం చేయడం ఒక పని. పూడికలన్నీ వదిలేసి, పక్క నుంచి కొత్త కాలువ తీసి ఆయకట్టు చివరికి నీరు చేర్చడం మరో పని. రేపు పై భాగంలో కొత్తగా పూడిక పడినా రెండో పద్ధతిలో దిగువ పొలానికి నీరు ఆగదు. నాళం పొడవునా జబ్బు ఉన్నవారిలో బైపాస్ భవిష్యత్తులో వచ్చే గుండెపోట్లను కూడా తగ్గించడానికి ప్రధాన కారణం ఇదే.

అయితే కొత్త కాలువలన్నీ ఒకే రకంగా మన్నవు. ఛాతీ లోపలి ధమనిని ఎల్‌ఏడీకి కలిపిన గ్రాఫ్టు పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభై మందికి పైగా తెరిచే ఉంటుంది. కాలి సిరతో వేసిన గ్రాఫ్టులు పదేళ్ళలో దాదాపు సగం వరకు చెడిపోవచ్చు. ఆపరేషన్ చేసే సర్జన్‌ను ‘ఎల్‌ఏడీకి ఛాతీ ధమని వాడతారా, మిగతా నాళాలకు ఏం వాడతారు?’ అని అడగడం అమర్యాద కాదు, అవసరం.

స్టెంటు వేయించుకున్నవారు సాధారణంగా ఒకటి రెండు రోజులలో ఇంటికి వస్తారు. బైపాస్‌కు వారం రోజుల ఆసుపత్రి వాసం, రొమ్ము ఎముక పూర్తిగా అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తొలి నెలలో పక్షవాతం వచ్చే ముప్పు బైపాస్‌లో ఎక్కువ. తర్వాతి సంవత్సరాలలో మళ్ళీ బ్లాకు వచ్చి మళ్ళీ చికిత్స చేయించుకోవలసిన అవసరం స్టెంటులో ఎక్కువ. అంటే బైపాస్ తన మూల్యాన్ని మొదట్లోనే వసూలు చేస్తుంది. దాని లాభం సంవత్సరాలు గడిచేకొద్దీ తెలుస్తుంది. కుటుంబం ఈ ఒక్క సంగతిని గట్టిగా గుర్తుపెట్టుకుంటే, ఎనభై దాటి మంచానికి దగ్గరైన తాతగారికీ, యాభై ఐదేళ్ళ రైతుకూ ఒకే సలహా ఎందుకు ఇవ్వరో అర్థమవుతుంది.

షుగరు ఉన్నవారు

మన ప్రాంతంలో మూడు నాళాల జబ్బు ఉన్నవారిలో షుగరు లేనివారిని వెతకాల్సి వస్తుంది. షుగరు రక్తనాళాన్ని ఒకచోట కాక పొడవునా పాడుచేస్తుంది, స్టెంటు లోపల కణజాలం మళ్ళీ పెరగడానికీ దోహదం చేస్తుంది. 2012లో ఫలితాలు వెలువడిన ఫ్రీడం అధ్యయనంలో, ఒకటి కంటే ఎక్కువ నాళాలలో జబ్బు ఉన్న 1,900 మంది షుగరు రోగులకు సగం మందికి స్టెంట్లు, సగం మందికి బైపాస్ చేసి ఐదేళ్ళు గమనించారు. స్టెంటు వర్గంలో నూటికి 16.3 మంది, బైపాస్ వర్గంలో 10.9 మంది మరణించారు. గుండెపోట్లు 13.9కి 6 శాతంగా తేలాయి. పక్షవాతం మాత్రం బైపాస్‌లోనే ఎక్కువ: 5.2కి 2.4 శాతం. ఈ అంకెలను దాచకుండా రెండువైపులా చెప్పాలి, ఎందుకంటే పక్షవాతం అంటే భయపడే మనిషికి ఆ రెండు మూడు శాతం తేడా కూడా బరువైనదే. అయినా షుగరు ఉండి, మూడు నాళాల జబ్బు ఉండి, ఆపరేషన్ తట్టుకోగల శరీరం ఉన్నవారికి నా స్థిరమైన అభిప్రాయం బైపాస్ వైపే. అలాంటివారికి ఎవరైనా నాలుగైదు స్టెంట్లు వేస్తామంటే, సర్జన్ అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి.

షుగరు లేని మూడు నాళాల జబ్బులోనూ గాలి అటే వీస్తుంది కాని, అంత బలంగా కాదు. 1,800 మందితో మొదలైన సింటాక్స్ అధ్యయనంలో పదేళ్ళ తర్వాత చూస్తే, మూడు నాళాల జబ్బు ఉన్నవారిలో (షుగరు ఉన్నవారిని కూడా కలిపి) స్టెంటు వర్గంలో 28 శాతం, బైపాస్ వర్గంలో 21 శాతం మరణించారు. అప్పటి స్టెంట్లు పాత తరానివన్న అభ్యంతరం న్యాయమైనదే. కొత్త స్టెంట్లు వాడి, ఏ బ్లాకు నిజంగా రక్తాన్ని ఆపుతోందో పీడనం కొలిచి చూసి చేసిన ఫేమ్ 3 అధ్యయనంలో మొదటి ఏడాది బైపాసే మెరుగని తేలింది. ఐదేళ్ళకు మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి లెక్కిస్తే చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. గుండెపోటు, మళ్ళీ చికిత్స అవసరం మాత్రం స్టెంటువారిలోనే ఎక్కువగా కనిపించాయి. అందుచేత స్కోరు తక్కువగా ఉండి, షుగరు లేనివారు స్టెంటు ఎంచుకోవడం తప్పు కాదు. స్కోరు 33 దాటితే ఆ మాట అనలేం.

లెఫ్ట్ మెయిన్, బలహీనమైన పంపింగ్

లెఫ్ట్ మెయిన్ అనగానే ఒకప్పుడు బైపాస్ తప్ప మరో మాట ఉండేది కాదు. ఇప్పుడు లెఫ్ట్ మెయిన్‌లోనే బ్లాకు ఉండి మిగతా నాళాలు బాగున్నవారికి రెండూ సమానమైన దారులే. పైన చెప్పిన సింటాక్స్ అధ్యయనం పదేళ్ళ ఫలితాలలో లెఫ్ట్ మెయిన్ వర్గం మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2016లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు మాత్రం ఒకే మాట చెప్పలేదు, నిపుణుల మధ్య వాదన ఇంకా ఉంది. లెఫ్ట్ మెయిన్‌కు స్టెంటు వేయించుకోవాలనుకుంటే ఒక షరతు పెట్టండి: నాళం లోపలి నుంచి చిత్రం తీసే ఐవస్ లేదా ఓసీటీ పరికరంతో చూస్తూ వేయాలి. ఇంత ముఖ్యమైన నాళంలో స్టెంటు పూర్తిగా విచ్చుకుందో లేదో బయటి ఎక్స్‌రే చిత్రంతో మాత్రమే తేల్చుకోవడం ఇప్పుడు సరిపోదు.

గుండె స్కానింగు అయిన ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఉండే అంకె గుండె పంపింగ్ శక్తిని చెబుతుంది. అది 35 లేదా అంతకన్నా తక్కువైతే చాలా కుటుంబాలు ‘ఇంత బలహీనమైన గుండెకు ఆపరేషన్ ఎలా, స్టెంటే మేలు’ అనుకుంటాయి. ఆ ఊహ సహజమైనదే కాని, ఆధారాలు వ్యతిరేక దిశలో ఉన్నాయి. అలాంటి 1,212 మందితో చేసిన స్టిచ్ అధ్యయనంలో, బైపాస్ చేయించుకున్నవారిలో మొదటి నెలలో మరణాలు ఎక్కువైనా, పదేళ్ళకు చూస్తే మందులతో మాత్రమే ఉన్నవారిలో 66.1 శాతం, బైపాస్‌వారిలో 58.9 శాతం మరణించారు. అదే స్థితిలో ఉన్న 700 మందిలో సగం మందికి స్టెంట్లు వేసి, మిగతావారికి మందులు మాత్రమే ఇచ్చి చూసిన రివైవ్డ్ అధ్యయనం 2022లో వెలువడింది. సరైన మందులకు మించి స్టెంట్ల వల్ల ప్రాణలాభం కనిపించలేదు. ఈఎఫ్ తక్కువ కాబట్టి బైపాస్ కుదరదని ఒక్కరు చెబితే, అది సర్జన్ స్వయంగా పరీక్షించి చెప్పిన మాటేనా అని నిర్ధారించుకోండి.

కిడ్నీ సంగతి: ఉద్దానం కుటుంబాలకు ప్రత్యేకంగా

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలవారికి కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. కాని గుండె చికిత్సకు విశాఖ వెళ్ళినప్పుడు అక్కడి వైద్యులకు మీరు ఉద్దానం నుంచి వచ్చామని మీరే చెప్పాలి. ఈ ప్రాంతపు కిడ్నీ జబ్బు షుగరు, బీపీ లేనివారిలో కూడా, మూత్రంలో ప్రోటీను పెద్దగా కనిపించకుండా, నిశ్శబ్దంగా ముదురుతుంది. కాబట్టి ఏ లక్షణమూ లేకపోయినా యాంజియోగ్రామ్‌కు ముందే సీరమ్ క్రియాటినిన్ పరీక్ష చేయించి, దాని నుంచి కిడ్నీల వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్క కట్టించండి. సన్నగా, కండ తక్కువగా ఉన్న మనిషిలో క్రియాటినిన్ 1.3 చూడటానికి చిన్న అంకెలా ఉన్నా, కిడ్నీ శక్తి సగానికి పడిపోయి ఉండవచ్చు.

ఈజీఎఫ్‌ఆర్ తక్కువైనప్పుడు రెండు దారులకూ ప్రమాదం ఉంది. యాంజియోగ్రామ్‌లోనూ స్టెంట్లు వేసేటప్పుడూ వాడే రంగు మందు కిడ్నీని దెబ్బతీయవచ్చు. క్లిష్టమైన స్టెంట్లకు అది ఎక్కువ మోతాదులో కావాలి, అందుకే రెండు మూడు విడతలుగా వేస్తారు. బైపాస్‌లో రంగు మందు లేకపోయినా ఆపరేషన్ ఒత్తిడి వల్ల కొందరికి డయాలసిస్ అవసరం పడవచ్చు. ముందు రోజు సెలైన్ ఎక్కిస్తారా, రంగు మందు ఎంత తక్కువలో ముగించగలరు, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలి అని అడగండి. కీళ్ళ నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ఎన్ని రోజులుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ల సంగతి కూడా. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి దగ్గరలోనే ఉంది కాబట్టి, అత్యవసరం కానప్పుడు కిడ్నీ డాక్టరు రాసిన చీటీతో గుండె డాక్టరు వద్దకు వెళ్ళడం మంచిది.

ఒక చిన్న వివరం చాలామంది దృష్టికి రాదు. కిడ్నీ జబ్బు ముదిరినవారికి రేపు డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా వేయవలసి రావచ్చు. అలాంటివారికి మణికట్టు ధమని గుండా యాంజియోగ్రామ్ చేయడం, బైపాస్‌కు చేతి ధమనిని తీయడం ఆ అవకాశాన్ని పాడుచేయవచ్చు. ‘ఈ చేతిని వదిలేయండి, డయాలసిస్ అవసరం రావచ్చు’ అని ముందే చెప్పడం కుటుంబం బాధ్యత.

ఇప్పటికే డయాలసిస్ మీద ఉన్నవారి విషయంలో ఆత్రం ఇంకా తగ్గించుకోవాలి. ముదిరిన కిడ్నీ జబ్బుతో పాటు నిలకడగా ఉన్న గుండె జబ్బు ఉన్న 777 మందిపై 2020లో వెలువడిన అధ్యయనంలో, మొదటే యాంజియోగ్రామ్, స్టెంటు లేదా బైపాస్ దారి పట్టినవారికి మందులతో ఉన్నవారికన్నా ప్రాణలాభం కనిపించలేదు. కిడ్నీ బాగున్నవారిలో కూడా, లెఫ్ట్ మెయిన్ జబ్బు లేక, పంపింగ్ బాగుండి, నడిస్తే మాత్రమే నొప్పి వచ్చేవారికి మందులు మూడో దారిగా గౌరవంగా నిలుస్తాయని అదే ఏడాది 5,179 మందితో చేసిన ఇస్కీమియా అధ్యయనం చెప్పింది. మందుల దారి గురించి ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

తూకంలో వేయవలసిన ఇతర సంగతులు

చిన్నప్పటి కీళ్ళవాతం వల్ల గుండె కవాటం కూడా పాడైనవారికి, ఎలాగూ కవాటం మార్చాలి కాబట్టి అదే ఆపరేషన్‌లో బైపాస్ చేయించుకోవడం సబబు. ఒకసారి బైపాస్ అయి, ఛాతీ ధమని గ్రాఫ్టు బాగా పనిచేస్తున్నవారికి మళ్ళీ ఛాతీ తెరవడం కన్నా స్టెంటే సాధారణంగా మేలు. దగ్గరలోనే మరో పెద్ద ఆపరేషన్ అవసరమైనవారు, రక్తం కారే అల్సర్లు ఉన్నవారు స్టెంటు తర్వాత వాడే, రక్తం గడ్డకట్టనీయని మందులను తట్టుకోగలరా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఊపిరితిత్తుల సంగతి మన తీరప్రాంతంలో ప్రత్యేకంగా చూడాలి. ఏళ్ళ తరబడి చుట్ట కాల్చినవారు, ముఖ్యంగా అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే పెద్ద వయసు స్త్రీలు, పొగ అలవాటు ఉన్నట్టు డాక్టరుకు చెప్పరు, అడిగితే ఇబ్బందిపడతారు. మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి తప్పక తెలియాలి. శ్వాస పరీక్ష చేయించి, వ్యవధి ఉంటే కనీసం నాలుగు వారాల ముందు పొగ మాన్పించి, శ్వాస వ్యాయామాలు నేర్పిస్తే ఆపరేషన్ తర్వాత న్యుమోనియా ముప్పు తగ్గుతుంది.

వయసు అంకె కన్నా మనిషి సత్తువ ముఖ్యం. డెబ్బై ఐదేళ్ళ మనిషి తన స్నానం తాను చేసుకుని, చెరువు గట్టు దాకా నడిచి రాగలిగితే, కూర్చున్నచోటు నుంచి లేవలేని అరవై ఐదేళ్ళ మనిషి కన్నా బైపాస్‌ను బాగా తట్టుకోగలడు. సర్జన్లు యూరోస్కోర్, ఎస్‌టీఎస్ వంటి లెక్కలతో ఆపరేషన్ ముప్పును శాతంగా చెప్పగలరు. ఆ అంకె అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. తండ్రికి బైపాస్ అంటే అప్పు చేసైనా సిద్ధమయ్యే ఇళ్ళలో, తల్లికి అదే జబ్బు వస్తే ‘ఈ వయసులో కోత ఎందుకు, స్టెంటు వేయించేద్దాం’ అంటారు. స్త్రీలలో నాళాలు సన్నగా ఉంటాయి, షుగరు ఉంటే జబ్బు నాళం పొడవునా ఉంటుంది. ఆమెకు ఏది మేలో లెక్క అంతే జాగ్రత్తగా వేయాలి. డాక్టరు వివరిస్తున్నప్పుడు ఆమెను గదిలో కూర్చోబెట్టండి. ఆమె ఏమంటుందో ఆమెనే అడగండి.

పని, కాలం కూడా లెక్కలోకి వస్తాయి. బైపాస్ తర్వాత సుమారు మూడు నెలలు బరువులు ఎత్తకూడదు, కొబ్బరిచెట్టు ఎక్కకూడదు, వల లాగకూడదు. ఉభాలకు (వరినాట్లకు) ముందు ఆపరేషన్ అయితే ఆ ఏడాది పొలం పని మరొకరి చేతుల మీద నడవాలి. జబ్బు నిలకడగా ఉంటే డాక్టరును అడిగి కొన్ని వారాలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. కాని ఒక పంట కోసం చికిత్స రకాన్నే మార్చుకోవడం సరికాదు. ‘ఛాతీ కోస్తే మనిషి ఇక పనికిరాడు’ అన్న మాట ఊళ్ళలో గట్టిగా నాటుకుపోయింది. ఎముక అతుక్కున్నాక, పంపింగ్ బాగున్నవారు చాలావరకు తమ పాత పనులకు తిరిగి వెళ్ళగలరు.

మందుల క్రమశిక్షణ స్టెంటు విషయంలో ప్రాణప్రశ్న. మందు పూసిన స్టెంటు వేయించుకున్నాక ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను, జబ్బు నిలకడగా ఉన్నవారు సాధారణంగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారు ఏడాది వాడాలి. మధ్యలో ఆపితే స్టెంటులో హఠాత్తుగా గడ్డ కట్టి ప్రాణం పోవచ్చు. పన్ను పీకించుకోవడానికి, చిన్న గాయానికి, ఉపవాసానికి ఆపకూడదు. ఆపవలసి వస్తే గుండె డాక్టరును అడిగే ఆపాలి. చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి వారాల తరబడి సముద్రం మీద ఉండే మత్స్యకారులు, హైదరాబాదు, చెన్నై వలస వెళ్ళే కూలీలు ఈ సంగతిని డాక్టరుకు ముందే చెప్పాలి. మందు క్రమంగా అందదనుకుంటే అది కూడా బైపాస్ వైపు తూచే ఒక కారణమే. బైపాస్ చేయించుకున్నవారికీ ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు జీవితాంతం ఉంటాయి.

ఎలా అడగాలి, ఏం తీసుకెళ్ళాలి

యాంజియోగ్రామ్‌కు ముందు ఇచ్చే అంగీకార పత్రం చదవండి. అందులో ‘అవసరమైతే స్టెంటు’ అన్న అనుమతి కూడా కలిసి ఉండవచ్చు. ‘మూడు నాళాలలోగాని లెఫ్ట్ మెయిన్‌లోగాని జబ్బు కనబడితే, ప్రాణాపాయం లేనంతవరకు పరీక్షతో ఆపండి, మేము మాట్లాడుకుని వస్తాం’ అని ముందే మర్యాదగా చెప్పి, కాగితం మీద రాయించండి. పరీక్ష తర్వాత యాంజియోగ్రామ్ సీడీ, ఎకో రిపోర్టు, ఈసీజీలు, మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఫలితాలు, వాడుతున్న మందుల చీటీ ఒక సంచిలో పెట్టుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే చూసి సర్జన్ సలహా ఇవ్వలేడు, ఆయనకు సీడీ కావాలి.

రెండో అభిప్రాయానికి వేరే ఆసుపత్రికి వెళ్ళడం మంచిది. ఆ ఆసుపత్రిలో హృద్రోగ నిపుణులూ గుండె సర్జన్లూ ఇద్దరూ ఉండాలి. స్టెంటు మాత్రమే చేసే చోట స్టెంటు గురించే ఎక్కువ వింటాం. ఇది ఎవరి నిజాయితీనీ శంకించడం కాదు, చేతిలో ఉన్న పనిముట్టు ఆలోచనను నడిపించడం మానవ సహజం. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రితో పాటు పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. విజయనగరం నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఇచ్ఛాపురం వైపువారు బరంపురం వెళ్ళే అలవాటు ఉంది. రాష్ట్రం దాటినప్పుడు మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో చేరే ముందే తెలుసుకోవాలి.

సర్జన్ దగ్గర కూర్చున్నప్పుడు ‘మీ ఇంట్లో వారికైతే ఏం చేస్తారు?’ అని అడగడం మనవారికి అలవాటు. దానికన్నా ఈ ప్రశ్నలు ఎక్కువ ఉపయోగపడతాయి: బ్లాకులన్నిటికీ ఈ చికిత్సతో పరిష్కారం దొరుకుతుందా, ఏవైనా మిగిలిపోతాయా? నెల రోజులలో ప్రాణాపాయం, పక్షవాతం నూటికి ఎంతమందికి? ఐదేళ్ళలో మళ్ళీ చేయించుకోవలసిన అవకాశం ఎంత? స్టెంటులైతే ఎన్ని, ఎన్ని విడతలు? ఇద్దరు వైద్యులు భిన్నంగా చెబితే, ఒకరి కారణాన్ని మరొకరి ముందు పెట్టి సమాధానం వినండి. ఏ కారణం మీ రోగి అంకెలతో సరిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

ఖర్చు విషయంలో మన జిల్లాకు ఒక చరిత్ర ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో స్టెంటుకూ బైపాస్‌కూ రెండిటికీ వెసులుబాటు ఉంది, కాబట్టి ‘కార్డు మీద స్టెంటే వస్తుంది’ అన్న మాట నమ్మి నిర్ణయం మార్చుకోకండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, ముందస్తు అనుమతి ఏ చికిత్సకు పంపారో చూడండి. చికిత్స తర్వాతి మందులు పథకం కింద ఎన్నాళ్ళు వస్తాయో కూడా అక్కడే అడగండి. సొంత డబ్బుతో వెళ్ళేవారు స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వ పరిమితి ఉందని గుర్తుంచుకుని, వేసిన ప్రతి స్టెంటు స్టిక్కరు, కంపెనీ పేరు, ధర బిల్లులో ఉండేలా చూసుకోవాలి. బైపాస్‌కు రక్తదాతలు కావాలంటారు. ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు యువకులను ముందే సిద్ధం చేసుకుంటే ఆఖరి నిమిషంలో తిరగనవసరం ఉండదు.

బైపాస్ నిర్ణయమైతే ఆపరేషన్‌కు ముందు రోజులలో షుగరును అదుపులోకి తెచ్చుకోవడం, రక్తహీనత ఉంటే సరిచేయడం, పుచ్చిన పళ్ళు చూపించుకోవడం, మెడ నాళాల డాప్లర్ పరీక్ష అవసరమా అని అడగడం మిగిలిన పనులు. అప్పటికే క్లోపిడోగ్రెల్ వాడుతుంటే సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపిస్తారు. అది సర్జన్ చెప్పిన రోజునే ఆపాలి. ఇంటికి వచ్చాక కాలి సిర తీసినచోట, ఛాతీ కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే స్థానికంగా కట్టు కట్టించుకుని ఊరుకోకుండా ఆపరేషన్ చేసినచోటికే ఫోను చేయాలి. స్టెంటు వేయించుకున్నవారికి పాత తరహా నొప్పి మళ్ళీ వచ్చి కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోను చేసి, స్టెంటు కార్డు వెంట తీసుకుని బయలుదేరాలి. ఏ చికిత్స అయినా, పంపింగ్ తగ్గినవారు సుమారు మూడు నెలలకు మళ్ళీ ఎకో తీయించుకోవాలి. ఈఎఫ్ అప్పటికీ 35 దాటకపోతే, హఠాన్మరణం నుంచి కాపాడే ఐసీడీ పరికరం అవసరమా అన్న ప్రశ్నను ఆ రోజు డాక్టరు ముందు పెట్టాలి.